చింతపండు నీళ్లలో ఇరవై నాలుగు గొట్టాలు

శుక్రవారం పొద్దున గురుప్రసాద్ కుర్చీ ఎక్కి అటక మీద చెయ్యి పెట్టాడు. సంచి లేదు. చెయ్యి ఇంకాస్త లోపలికి చాచి తడిమాడు. మగ్గం తాలూకు పాత పలక ఒకటి తగిలింది. దుమ్ము తగిలింది. సంచి తగల్లేదు.

“శారదా, ఈడుండే నీలం సంచి యాడ పెట్టినావు?”

వెనక వసారాలోంచి శారదమ్మ పలికింది. “యా సంచి?”

“ఇత్తడివి ఉండె సూడు, ఆ సంచి.”

“అవా. నిన్న మాపటేల నానబెట్టినా. ఇప్పుడే తోమి ఎండలో పెట్టినా. ఎంత నల్లగా ఉండెనో అవి. బంగారం మాదిరి వచ్చినాయి పో.”

అతను కుర్చీ దిగడానికి కొంచెం సేపు పట్టింది.

వసారాలో గోనెపట్టా మీద ఇత్తడి సామానంతా ఆరుతోంది. దీపపు కుందులు, చెంబు, గంట, హారతి పళ్లెం. సోమవారం ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోవాలని ఆమె వారం నుంచీ ఇల్లంతా కడుగుతోంది. కుందుల పక్కన, బడిపిల్లల్ని నిలబెట్టినట్టు, ఇరవై నాలుగు తూటా గొట్టాలు వరసగా నిలబడి ఉన్నాయి. కాల్చిన తూటాలో గుండు పోగా మిగిలే ఖాళీ ఇత్తడి గొట్టాలవి. ఒక్కోటి వేలంత పొడుగు. ఒక్కోదాని అడుగున, గాడిలో, ఒక దారప్పోగు చుట్టి ముడివేసి ఉంది.

ఇరవై నాలుగు దారాలూ పసుపుపచ్చగా ఉన్నాయి.

గురుప్రసాద్ కింద కూర్చున్నాడు. ఒకటి తీసి వెలుగులో తిప్పాడు. ఇంకొకటి తీశాడు. నిన్నటిదాకా వాటిలో పది దారాలు ఎర్రవి.

“ఏమైనాది?” అంది శారదమ్మ, చేతులు తుడుచుకుంటూ.

“నీకు ఎవరు తోమమన్యారు వీట్ని?”

“ఎవురు సెప్పాల? ఇత్తడి నల్లగైతే తోమరా? దారాలు కూడా తీయలేదు నేను. నీ ముడులు నీకుండనీలే అని అట్లే నానేసినా. మంచి చేస్తే మొగం ముడుసుకుంటాడు.”

అతనికి అరవై మూడేళ్లు. ఎమ్మిగనూరులో నూలుకు రంగులద్దే షెడ్డులో ముప్పై అయిదేళ్లు పనిచేశాడు. పోయిన నెల అద్దిన నూలు చిలపకూ ఈ నెల అద్దిన చిలపకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా అతని కంటికి దొరికేది. రంగులో పొడి ఒక చిటికె ఎక్కువ పడితే చీర అంచు ఒకచోట ముదిరి ఒకచోట తేలిపోతుంది. అందుకే తూకం అతనికి అలవాటు కాదు, స్వభావం. ఆ స్వభావమే అతన్ని తుపాకి దగ్గరికి చేర్చింది.

తుపాకి తాతది. ఆయన పేరు శేషన్న. ఆదోనిలో పత్తి ప్రెస్సులో గుమాస్తా. ప్రెస్సు దొర ఊరు విడిచిపోతూ తన వేట రైఫిలు ఆయనకు అమ్మాడు. బోల్టు రైఫిలు, గొట్టం కొలత టూ సెవెంటీఫైవ్ బోరు. తాత కొండల్లో తిరిగి వేటాడాడు. నాయన కాలానికి వేట మానేయాల్సిన చట్టం వచ్చింది. రైఫిలు బీరువాలోకి పోయింది. లైసెన్సుతో పాటు అది గురుప్రసాద్ చేతికొచ్చేసరికి, ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పజెప్పి, అయిపోయాక నాలుగుసార్లు తిరిగి తెచ్చుకునే ఒక బరువైన సామానుగా మిగిలింది.

నలభై ఏళ్ల వయసులో ఆదోని కొండల వెనక పాత క్వారీలో రైఫిల్ క్లబ్బు పెట్టారని విని ఒకసారి తీసుకుపోయాడు. కాగితం మీద గీసిన గుండ్రాల వైపు గురిపెట్టి కాల్చాడు. బోల్టు వెనక్కి లాగితే నూనె పట్టించిన తాళం తీసినట్టు వచ్చింది. ముందుకు తోస్తే ఎక్కడా ఆగకుండా పోయి కూర్చుంది. వందేళ్ల కిందట ఎవరో ఆ ఇనుమును తొందర లేకుండా చేశారని చేతికి తెలిసింది. ఆ రోజు నుంచి అతను ఒక్క జంతువు వైపూ చూడలేదు, కాగితం వైపు మాత్రం చూస్తూనే ఉన్నాడు.

ఆ బోరు తూటాలు దొరకవు. కర్నూలులో అడిగితే, “మా నాయన దినాల్లో వస్తాండె” అని నవ్వారు. అందుకని క్లబ్బు ద్వారా కాగితాలన్నీ పెట్టుకుని, తన తూటాలు తనే నింపుకోవడం నేర్చాడు. కాల్చిన గొట్టాన్ని శుభ్రం చేసి, మూతి సరిచేసి, అడుగున నిప్పు పుట్టించే కొత్త టోపీ కూర్చి, చిన్న త్రాసులో తూచిన తుపాకి మందు పోసి, పైన గుండు బిగించడం. రేడియో కూడా పెట్టుకోకుండా ఆ పని చేసేవాడు. ఒక్కో తూటాకీ పది నిమిషాలు పట్టేది. అతని దినంలో ఎవరూ ఏమీ అడగని పది నిమిషాలు అవి.

అయితే ఇత్తడి శాశ్వతం కాదు. పేలిన ప్రతిసారీ సాగుతుంది, నింపిన ప్రతిసారీ నలుగుతుంది. అయిదుసార్లు పేలినదాన్ని ఇక నమ్మకూడదని అతని లెక్క. నమ్మితే ఒకరోజు లోపలే చీలుతుంది. ఆ మంట వెనక్కి, కంటి వైపు వస్తుంది. పోయిన ఏడాదే ఆ కుడికంటికి శుక్లం తీయించుకున్నాడు. అందుకే గుర్తులు పెట్టుకున్నాడు. మూడుసార్ల దాకా పేలినవాటికి పసుపు దారం. నాలుగోసారి నుంచి ఎర్ర దారం.

ఇప్పుడు అన్నీ పసుపే.

“శారదా, నీకు మొక్కుతా. మళ్లా నా సామాన్లు ముట్టుకోవద్దు.”

“దారం రంగు పోతే నన్నంటావేమి? ఏం రంగు ఏసినావు దానికి?”

అతను ఇంకో గొట్టం తీసి ముడి చూశాడు.

“ఏం రంగు అంటాండ?”

ఏం రంగో అతనికి తెలుసు. రిటైరయ్యాక షెడ్డు పక్కా రంగులు అందుబాటులో లేవు. రెండేళ్ల కిందట మేనకోడలు రజిని బిడ్డనెత్తుకుని వచ్చినప్పుడు దిష్టి తీయడానికి శారదమ్మ పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్లు చేసింది. పళ్లెంలో మిగిలిన నీళ్లు పారబోయబోతుంటే అతను ఆపి, గుప్పెడు దారం అందులో ముంచాడు. మంచి ఎరుపు వచ్చింది. ఆ ఎరుపు పులుపు తగిలితే మళ్లీ పసుపవుతుందని ఎమ్మిగనూరులో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది.

“ఎర్రనీళ్లలో ముంచినావు కదా,” అంది శారదమ్మ. “నేను సూసినా ఆ పొద్దు. ముప్పై అయిదేండ్లు రంగులు అద్దినోడివి. సున్నం ఎరుపు నిలిసేది కాదని నీకు నేను సెప్పాల్నా?”

అతను గొట్టాల్ని ఒక్కొక్కటిగా పళ్లెంలో పెట్టుకుని లోపలికి పోయాడు. ఆమె మీద అరవాలని ఉంది. అరిచేందుకు చోటు లేకుండా చేసింది. అదే ఎక్కువ మండింది.

ఆదివారం క్లబ్బు పోటీ. బోర్డు మీద నిబంధన తెలుగులోనే రాసి ఉంది: వరసగా రెండేళ్లు పోటీలో కాల్చని సభ్యుడి పేరు తీసేస్తారు. సొంత రైఫిలుతో కనీసం పది గుండ్లు కాలిస్తేనే కాల్చినట్టు లెక్క. పోయిన ఏడాది కంటికి కట్టు ఉంది కాబట్టి పోలేదు. ఈసారి పోకుంటే పేరు పోతుంది. పేరు పోతే మందు తెచ్చుకునే అనుమతి పోతుంది. లైసెన్సు రెన్యూవల్ కాగితంలో ‘ఎందుకు’ అనే గడిలో రాయడానికి ఏమీ ఉండదు. రైఫిలు స్టేషన్‌కు పోయి అక్కడే ఉండిపోతుంది.

పది కావాలి. నమ్మదగినవి పది.

మధ్యాహ్నం సామ్సన్ వచ్చాడు. గోనెగండ్ల దగ్గర రెండెకరాల వేరుశనగ వేసే మనిషి, ఆటో కూడా నడుపుతాడు. ఆదివారం బాడుగ ఖాయం చేసుకోవడానికి వచ్చాడు. పదేళ్లుగా కలిసినప్పుడల్లా అడిగే మాటే గడపలో అడిగాడు.

“అన్నా, పందులు మళ్లా పడినాయన్నా. గట్టు పక్క రెండు సాళ్లు తవ్విపెట్టినాయి. ఒక్క గుండన్నా ఒక్కటి.”

“సామ్సన్, ఇది దానికి కాదప్పా. ఎన్నిసార్లు సెప్పల్ల?”

“మరి దేనికన్నా?”

“కాగితం కాల్సనీకి.”

“కాగితం నీ చేను తింటాందా?”

గురుప్రసాద్ అతని చేతికి టార్చి ఇచ్చాడు. “ఇట్ల పట్టుకో. కదపొద్దు. మాట్లాడొద్దు.”

కిటికీ దగ్గర గొట్టాలు పరిచాడు. మొదట రంగు చూశాడు. అందరికీ బంగారంలా కనిపించేది అతనికి కనిపించలేదు. చింతపండు గుజ్జు చిక్కగా ఉన్న గిన్నె అడుగున రాత్రంతా పడుకున్నవి లేత గులాబీ తిరిగాయి. ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి మిగిలిందన్నమాట. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, బలం మాత్రం తినేసినట్టే. అలాంటివి పదకొండు. పక్కన పెట్టాడు. మిగిలిన పదమూడింటిలో, కొన వంచిన సన్నటి తీగను లోపలికి దించి, గోడ వెంట పైకి లాగుతూ చేతితో విన్నాడు. ఇత్తడి లోపల సన్నబడితే తీగ అక్కడ చిన్న గుంటలో పడ్డట్టు ఆగుతుంది. నాలుగింటిలో ఆగింది.

మిగిలినవి తొమ్మిది.

మళ్లీ ఆ నాలుగూ తీశాడు. మళ్లీ తీగ దించాడు. ఆగింది. ఇంకోసారి. ఆగింది.

“తొమ్మిది సాలవాన్నా?” అన్నాడు సామ్సన్, టార్చి కదపకుండా.

“సాలవు.”

“ఆ నాలుగులో మంచిది ఒకటి ఏరుకో.”

“దాంట్లో మంచిది ఉండదప్పా. ఉంటే ఈ పక్క పెడ్తాంటి కదా.”

ఆ సాయంత్రం తొమ్మిది తూటాలు నింపాడు. చేతులు పనిచేశాయి కానీ ఎప్పుడూ ఉండే ఆ నిమ్మళం లేదు. వంటింట్లో గిన్నె చప్పుడైనప్పుడల్లా త్రాసు ముల్లు కదలకపోయినా అతను కదిలాడు. పడుకునేముందు ఒక నిర్ణయానికి వచ్చి, త్రాసు, చిన్న చెక్కసుత్తి, సాధనాలు ఒక పెట్టెలో సర్దాడు. ఒక టోపీ, ఒక గుండు, ఆటో కుదుపులకు ఒలుకుతుందని ఒక్క తూటాకు కొంచెం ఎక్కువే మందు డబ్బీలో విడిగా పెట్టాడు. అనుమతి కాగితం దానికే చుట్టాడు.

ఆదివారం పొద్దున ఆటోలో శారదమ్మ కూడా ఎక్కింది. పోటీ అయ్యాక అట్నుంచి అటే ఉరుకుంద పోయి రాత్రికి అక్కడ ఉండి, సోమవారం దర్శనం చేసుకోవాలని ఆమె ఏర్పాటు. ఒళ్లో తళతళలాడే చెంబు, హారతి పళ్లెం. కాళ్ల దగ్గర రైఫిలు పెట్టె.

“దీన్ని కొంచెం జరుపు, కాళ్లు పెట్టనీకి ల్యా,” అంది.

“నీ చెంబు జరుపు.”

“దేవుని చెంబు అది.”

సామ్సన్ అద్దంలో చూసి, “గురుప్రసాదన్నా, దోవలో మా చేను పక్కనే పోదామా, పందులు పగలు కూడా వస్తాండాయి,” అన్నాడు. ఇద్దరూ ఒకేసారి “రోడ్డు సూసి తోలు,” అన్నారు. ఆ రోజు వాళ్లిద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అదే.

శ్రావణం గాలి ఆదోని కొండల మధ్య ఆగకుండా వీస్తోంది. క్వారీలో షామియానా ఒక మూల తెగి కొట్టుకుంటోంది. క్లబ్బు కార్యదర్శి బసన్న, పత్తి మండీలో కమీషన్ వ్యాపారి, రిజిస్టరు మీద రెండు రాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

గురుప్రసాద్ తన వంతు వచ్చినప్పుడు బోర్లా పడుకుని కాల్చాడు. కొత్త కటకం వేసిన కంట్లో, తుపాకి గొట్టం కొన మీది ముందుగురి గీసినట్టు నిలబడింది. చాలా ఏళ్ల తర్వాత అంత స్పష్టంగా చూశాడు. గాలి ఆగే క్షణం కోసం ఆగి, ఊపిరి సగం వదిలి, నొక్కాడు. బోల్టు తీశాడు, వేశాడు. రెండోది. మూడోది. ఆ కాసేపూ తారీఖులు లేవు, నిబంధనలు లేవు. తొమ్మిదో గుండు తర్వాత కాగితం తెప్పించి చూస్తే తొమ్మిది రంధ్రాలూ ఒక అరచేతి కింద మూయొచ్చు.

“బలే కొట్టినావప్పా,” అన్నాడు బసన్న. “ఇంగొకటి కాల్చెయ్.”

“లేదు.”

“ల్యాకపోవడం ఏమి?”

గురుప్రసాద్ జరిగింది చెప్పాడు. చింతపండు దగ్గరికి వచ్చేసరికి బసన్న నవ్వాపుకోలేక రిజిస్టరు వైపు తల తిప్పుకున్నాడు.

“అనుమానంది ఏదో ఒకటి నింపి తెచ్చింటే సరిపోతాండె కదప్పా. ఒక్క దానికి ఏమైతాది?”

“నీకు ఏమీ కాదులే. నా కన్ను కదా.”

“పోనీ, పది అని రాసేస్తా. ఎవరు లెక్కపెడ్తారు?”

“కాగితంలో తొమ్మిది ఉండాయి. రేపు ఎవడన్నా లెక్కపెడితే నీ పేరూ పోతాది, నా పేరూ పోతాది.”

“ఇంగేమి సెయ్యమంటావు నన్ను?”

గురుప్రసాద్ పెట్టె తెరిచాడు. “ఇప్పుడు పేలినవాట్లో మూడోది గట్టిగా ఉండాది. దాన్నే ఈడ నింపుతా.”

“ఈడనా? రూల్లో లేదు.”

“వద్దని ఉండాదా?”

బసన్న రాళ్లు తీసి నిబంధనల కాగితం చదివాడు. తిప్పి వెనక కూడా చదివాడు. వెనక ఏమీ లేదు. “వద్దని ల్యా,” అన్నాడు, అదేదో తన తప్పయినట్టు. “భోజనాలకు ముందు అయిపోవాల. పావుగంట.”

సామ్సన్‌ను దూరంగా పోయి బీడీ ఆర్పి రమ్మన్నారు. గురుప్రసాద్ బండరాయి చాటున కూర్చుని గొట్టం మూతి సరిచేశాడు. టోపీ కూర్చాడు. త్రాసు పెట్టాడు. గాలి రాయి చుట్టూ తిరిగి వచ్చి త్రాసును ఊపింది. మందు వేయకముందే ముల్లు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోతోంది. సామ్సన్ ఆటో పట్టా తెచ్చి అడ్డం పట్టుకున్నాడు. అది తెరచాపలా నిండి అతన్నే లాక్కుపోయింది. బసన్న గొడుగు ఇచ్చాడు. గొడుగు తిరగబడింది. ఏడు నిమిషాలు పోయాయి.

“అంచనాతో పొయ్యన్నా,” అన్నాడు సామ్సన్. “మా ఇంట్లో ఉప్పు అట్లే ఏస్తారు.”

గురుప్రసాద్ తల పట్టుకున్నాడు. ముప్పై అయిదేళ్లలో అతను అంచనాతో ఏదీ పోయలేదు. ఒకసారి తప్ప. ఆ ఒక్కసారి పళ్లెంలో మిగిలిన ఎర్రనీళ్లు.

శారదమ్మ షామియానా కింద నుంచి లేచి వచ్చింది. చెంబూ పళ్లెం సామ్సన్ చేతిలో పెట్టింది. త్రాసుకు అవతల, అతనికి ఎదురుగా చతికిలబడి, భుజం మీది కొంగు విప్పి త్రాసు మీదుగా అతని తల మీదికి వేసి, రెండు అంచులూ మోకాళ్ల కింద తొక్కిపెట్టింది. లోపల పసుపుపచ్చటి వెలుగు. ఇద్దరి నుదుళ్ల మధ్య జానెడు దూరం.

“సూడు ఇప్పుడు,” అంది.

ముల్లు ఇంకా కదులుతోంది.

“ఊపిరి ఇడ్సద్దు,” అన్నాడతను.

“నువ్వు మాట్లాడద్దు. నీ గాలికే ఊగుతాంది అది.”

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. బయట బసన్న ఎవరితోనో ఏదో చెబుతున్నాడు, ఎవరో నవ్వుతున్నారు. ముల్లు చిన్నగా, ఇంకా చిన్నగా ఊగి, గీత దగ్గర నిలబడింది. గురుప్రసాద్ చిటికెతో రెండు పలుకులు తీశాడు. మళ్లీ నిలబడేదాకా ఆగాడు. ఒక పలుకు వేశాడు. అప్పుడు గొట్టంలో పోశాడు.

“ఐపాయనా?” అంది ఆమె, ఊపిరి వదులుతూ. “ఇంగా ఒక్క నిమిషం ఉంటే నేను ఐపోతాంటి.”

ఇంకో రెండు నిమిషాలకు గుండు బిగించి లేచాడు. మోకాళ్లు పట్టేశాయి. బసన్న గడియారం చూపిస్తున్నాడు. గురుప్రసాద్ దాన్ని చూడలేదు. పడుకున్నాడు, తూటాను చేత్తోనే లోపలికి తోసి బోల్టు మూశాడు. గాలి ఆగలేదు. ఆగుతుందని చాలాసేపు చూశాడు. కొంగు కింద బిగబట్టిన ఊపిరి ఇంకా సర్దుకోలేదు. ఇక చాలని నొక్కాడు.

పదో రంధ్రం మిగతా తొమ్మిదికి జానెడు దూరంలో, ఎడమ పక్క కింద పడింది.

అతను కాగితం ముందు నిలబడి ఆ రంధ్రాన్నే చూశాడు. చేసిన తప్పు ఏదీ లేదు. తూకం సరిపోయింది, గొట్టం సరిపోయింది. కాల్చిన మనిషే సరిపోలేదు.

“బాగనే తగిలింది కదా,” అంది శారదమ్మ, వెనక నుంచి తొంగి చూసి.

“ఏం బాగు? అంతా సెడిపాయ.”

“పది కావాలంటివి. పది ఉండాయి.”

బసన్న రిజిస్టరులో అతని పేరు ఎదురుగా పది అని వేసి, సంతకానికి తిప్పాడు. గురుప్రసాద్ రాళ్లు పక్కకు జరిపి సంతకం చేశాడు. గాలికి పేజీ లేస్తే శారదమ్మ వేలితో నొక్కింది.

“ఇంగొక మాట,” అన్నాడు బసన్న, కలం మూస్తూ. “వచ్చే యేటికి పది తీసి పదహైదు సెయ్యాలని కమిటీలో అనుకుంటాండారు.”

గురుప్రసాద్ అతని వైపు చూశాడు. రైఫిలు బోల్టు తీసి తుడిచి, విడిగా పెట్టెలో పెట్టాడు.

“ఆటో ఎక్కు,” అంది శారదమ్మ. “ఆలిస్యమైతే సత్రంలో పడుకోనీకి జాగా దొరకదు.”